మోయాబ్ స్లిక్‌రాక్ ఎడారి బాట మీద మౌంటెన్ సైకిల్: మొదటిసారి వెళ్తున్నాము, ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరు రెండో వారంలో యూటా రాష్ట్రంలోని మోయాబ్‌కు వెళ్ళి, అక్కడి స్లిక్‌రాక్ ట్రెయిల్ మీద సైకిల్ తొక్కాలని నేనూ మా పెదనాన్నగారి అబ్బాయీ అనుకుంటున్నాము. నాకు 34 ఏళ్ళు, తమ్ముడికి 19. నేను మూడేళ్ళుగా మౌంటెన్ సైకిల్ తొక్కుతున్నాను. అయితే నాకు అలవాటైనవన్నీ అడవిలోని మట్టి బాటలే. వాటి మీద చెట్ల వేళ్ళు, చిన్న రాళ్ళు, ఒకటి రెండు వాగులు తప్ప పెద్ద ఇబ్బందులేమీ ఉండవు. అటువంటి బాట మీద ఇరవై మైళ్ళు ఏకబిగిన తొక్కడం నాకు కొత్త కాదు. తమ్ముడు తొక్కడం మొదలుపెట్టి ఏడాదే అయింది కానీ, నాకంటే వేగంగా తొక్కుతాడు, నాకంటే తక్కువ భయపడతాడు.

స్లిక్‌రాక్ చుట్టు బాట మొత్తం పది మైళ్ళకు కాస్త అటూఇటూ ఉంటుందని చదివాను. పది మైళ్ళే కాబట్టి పొద్దున తీరుబడిగా బయలుదేరినా భోజనం వేళకు తిరిగి రాగలమని అనుకున్నాము. కానీ అక్కడికి వెళ్ళి వచ్చిన ఒక స్నేహితుడు ఆ లెక్క విని తల అడ్డంగా ఊపాడు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మొత్తం చుట్టు తిరగడానికి నిజంగా ఎంత సమయం పడుతుంది? రాతి గుట్టలు ఎక్కడంలో, దిగడంలో మట్టి బాట అలవాట్లు ఏమేరకు పనికివస్తాయి, వేటిని మానుకోవాలి? టైర్లలో గాలి ఎంత ఉంచాలి? నీళ్ళు ఎన్ని తీసుకువెళ్ళాలి? అక్కడ ఒక చిన్న ప్రాక్టీస్ చుట్టు కూడా ఉందట. పొద్దున ముందుగా అది తిరిగి, చెయ్యి అలవాటయ్యాక పెద్ద చుట్టుకు వెళ్తే మంచిదా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

మొదటి సమాధానం

నేను ఆ బాట మీద నాలుగుసార్లు తొక్కాను. మొదటిసారి సగం దాకా కూడా వెళ్ళలేక వెనక్కి వచ్చాను. అప్పుడు నా కాళ్ళలో బలం లేక కాదు, సరిగ్గా మీరు వేసిన లెక్కే నేనూ వేసుకున్నందువల్ల అలా జరిగింది. దయచేసి పది మైళ్ళన్న అంకెను మరిచిపోయి, మూడు నుంచి నాలుగు గంటలన్న అంకెను గుర్తుపెట్టుకోండి. మొదటిసారి వెళ్ళేవారు ఫొటోలకూ విశ్రాంతికీ మరో గంట కలుపుకోవాలి. ఆ బాటలో చెప్పుకోదగ్గంత పొడవైన ఎక్కుడు ఒక్కటీ లేదు. ఒక రాతి గుట్ట ఎక్కుతారు, వెంటనే దిగుతారు, ఊపిరి కుదురుకునేలోపే ఇంకో గుట్ట ఎదురుగా నిలబడి ఉంటుంది. ప్రతి ఎక్కుడూ పది ఇరవై సెకన్లపాటు ఒంట్లో ఉన్న శక్తినంతా అడుగుతుంది. అడవి బాట మీద మీరు ఇరవై మైళ్ళు ఒకే తూకంతో తొక్కే సత్తువ వేరు, ఇలా పదే పదే పూర్తి బలం పెట్టి మళ్ళీ కోలుకునే సత్తువ వేరు. ఇంకా రెండు నెలల సమయం ఉంటే, మీకు దగ్గరలోని ఒక చిన్న నిటారు గుట్టను ఎంచుకుని, దాన్ని ఎక్కి దిగి మళ్ళీ ఎక్కడం వారానికి రెండుసార్లు సాధన చేయండి.

ఆ బాట అంత నిటారుగా ఎందుకు ఉంటుందో తెలుసుకుంటే మనసు ముందే సిద్ధపడుతుంది. 1969లో దాన్ని గుర్తించినది మోటారు సైకిళ్ళ కోసం. ఇంజను బలంతో ఎక్కేవారికి ఏ గుట్ట మీదుగా వెళ్తే ఉత్సాహంగా ఉంటుందో ఆ గుట్ట మీదుగానే దారి వేశారు తప్ప, కాళ్ళతో తొక్కేవారి ఆయాసాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మోటారు సైకిళ్ళు ఇప్పటికీ అక్కడికి వస్తాయి. శబ్దం వినబడినప్పుడు ఒక పక్కకు తప్పుకుని దారి ఇస్తే వాళ్ళూ మర్యాదగానే వెళ్తారు.

ఇక రాయి గురించి. అది నవాహో ఇసుకరాయి. సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట, జురాసిక్ యుగం తొలినాళ్ళలో, గాలికి పోగుపడిన ఇసుక దిబ్బలే కాలక్రమంలో గట్టిపడి రాయి అయ్యాయి. ఇప్పుడు మనం తొక్కే గుండ్రని గుట్టలు చూస్తే ఆ దిబ్బలు అలాగే గడ్డకట్టినట్టు అనిపిస్తుంది. 'జారుడు రాయి' అన్న అర్థం వచ్చే పేరును బట్టి చాలామంది భయపడతారు. ఇనుప నాడాలు కొట్టిన గుర్రాలు దాని మీద జారేవి కాబట్టి తొలినాటి వలసదారులు ఆ పేరు పెట్టారని చెబుతారు. రబ్బరు టైరుకు మాత్రం అది గరుకు కాగితం లాంటిది. మట్టి మీద ఏ వాలులో మీ వెనక చక్రం గిర్రున తిరిగి ఆగిపోతుందో, అంతకంటే ఎంతో నిటారు వాలులో ఈ రాయి టైరును పట్టుకునే ఉంటుంది. మొదటి గంటలో మీరు నేర్చుకోవలసినది ప్రధానంగా ఈ నమ్మకమే. అయితే అదే గరుకుతనం పడినప్పుడు చర్మాన్నీ వదలదు. పూర్తి వేళ్ళు కప్పే చేతి తొడుగులు, మోకాలి ప్యాడ్లు లేకుండా దయచేసి వెళ్ళకండి.

ఎక్కేటప్పుడు గుట్ట మొదలుకు చేరకముందే తేలిక గేరులోకి మారాలి. వాలు మీదకు వచ్చాక, గొలుసు బిగిసి ఉన్నప్పుడు మారిస్తే గొలుసు తెగవచ్చు, లేదా సగంలో ఆగిపోతారు. సీటు ముందు కొస మీదకు జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచి, మోచేతులు కిందికి దించి తొక్కాలి. లేచి నిలబడితే వెనక చక్రం పట్టు తప్పుతుంది, మరీ వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న బెత్తెడు చోటును వెతుక్కోవడమే ఎక్కడంలోని విద్య అంతా. ఎక్కలేక ఆగిపోయినప్పుడు కాలు తప్పనిసరిగా ఎగువ వైపు దింపండి. నేను ఒకసారి దిగువ వైపు దింపితే, కాలికి నేల అందక సైకిలుతో సహా దొర్లాను.

దిగేటప్పుడు సీటు పూర్తిగా కిందికి దించి, రెండు పెడళ్ళూ సమంగా ఉంచి, మడమలు కిందికి వంచి, బరువంతా పాదాల మీద వేయండి. చూపు ముందు చక్రం మీద కాకుండా, వాలు ముగిసే చోటునూ దాని తరవాతి దారినీ చూస్తూ ఉండాలి. బ్రేకులు రెండూ కలిపి, ఒక్కో వేలితో, ముందునుంచే మెల్లగా పట్టాలి. వెనక చక్రాన్ని బిగబట్టి ఈడ్చుకుంటూ దిగితే వేగమూ సరిగ్గా తగ్గదు, రాతి మీద నల్లని రబ్బరు చార కూడా మిగులుతుంది. గుట్టకు అడ్డంగా, ఒక పక్కకు ఒరిగిన వాలు మీద వెళ్ళేటప్పుడు ఎగువ వైపు పెడల్ పైన ఉండేలా చూసుకోండి, లేకపోతే అది రాతికి తగిలి సైకిలు లోయ వైపు తోసుకుపోతుంది.

దారి తప్పడం గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. రాతి మీద చక్రాల జాడ పడదు కాబట్టి, తెల్లరంగు గీతలు వేసి దారి చూపారు. ఉత్సాహంలో ముందుకు పోయి, గీత కనబడకపోయినా ఎక్కడో ఒకచోట కలుస్తుందిలే అనుకోవడం ప్రమాదం. ఆ గుట్టలు కొన్ని చోట్ల ఉన్నట్టుండి లోయ అంచులో ముగుస్తాయి. గీత కనబడని మరుక్షణం ఆగి, చివరిసారి చూసిన గీత దాకా వెనక్కి రండి.

రెండో సమాధానం

పైన చెప్పినదంతా సరైనదే. ఒక విషయం మాత్రం ఆయన తేలికగా దాటిపోయారు. స్లిక్‌రాక్‌లో నేను పడినది రాతి మీద కాదు, రెండు రాళ్ళ నడుమ ఉన్న ఇసుకలో. 2022 ఏప్రిల్‌లో మా వారితో కలిసి వెళ్ళాను. అప్పటికి రెండు గంటలు బాగానే తొక్కి, రాయి మీద మంచి ధైర్యం వచ్చిన తరవాత, ఒక నిటారు వాలును వేగంగా దిగాను. వాలు ముగిసే చోట గుంటలో గాలికి చేరిన మెత్తని ఇసుక ఉంది. ముందు చక్రం అందులో దిగబడి నిలిచిపోయింది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్ళి ఎడమ చేతి మీద పడ్డాను. మణికట్టు విరిగింది. అక్కడి నుంచి వాహనం నిలిపిన చోటికి చెయ్యి మెడకు కట్టుకుని నడవడానికి రెండు గంటలకు పైగా పట్టింది.

కాబట్టి దిగేటప్పుడు వాలు ఎంత నిటారుగా ఉందన్నదానికంటే, దాని అడుగున ఏముందన్నదే ముందు చూడండి. లేత రంగులో నున్నగా కనిపించే గుంట ఉంటే అది ఇసుకే. ఇసుకలోకి ప్రవేశించేటప్పుడు బరువు కొద్దిగా వెనక్కి వేసి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుని, బ్రేకు పట్టకుండా, తిప్పకుండా, తేలిక గేరులో తొక్కుతూనే ఉండాలి. ఇసుకలో బ్రేకు పట్టడమంటే ముందు చక్రాన్ని మీ చేతులతో మీరే పాతిపెట్టడం. లోతు తెలియనప్పుడు దిగి నడిపించుకుంటూ వెళ్ళడంలో తప్పేమీ లేదు.

టైర్ల విషయం. మేము అద్దెకు తీసుకున్న సైకిళ్ళకు దుకాణంవారు గాలి బాగా దట్టించి ఇచ్చారు, మేము చూసుకోలేదు. గట్టి టైరు ప్రతి చిన్న అంచు మీదా ఎగిరి, నేల మీద ఆనేది తక్కువ. మా వారు 75 కిలోల బరువు, టైర్లు 2.4 అంగుళాల వెడల్పువి, ట్యూబ్‌లెస్. తరవాతి ప్రయాణంలో ముందు 22, వెనక 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడితే ఆయనకు చక్కగా కుదిరింది. ఇంతకంటే బాగా తగ్గిస్తే రాతి అంచు తగిలినప్పుడు చక్రపు రిమ్ముకే దెబ్బ తగులుతుంది. ట్యూబులు వాడేవారైతే, రెండు అంచుల మధ్య ట్యూబు నలిగి చిల్లు పడకుండా మరో మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ ఉంచుకోవాలి. మీ బరువును బట్టి ఒకటి రెండు అంకెలు మార్చుకుని, చిన్న గాలి కొలిచే మీటరు జేబులో పెట్టుకోండి.

ముళ్ళ సంగతి మన పల్లెల్లో పెరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. అమెరికా పడమటి రాష్ట్రాల సైకిల్‌దారులు భయపడే 'గోట్‌హెడ్' అంటే మరేదో కాదు, మన పల్లేరు కాయే. మన వైపు నేలలకు చెందిన ఆ మొక్క అక్కడికి చేరి కలుపుగా పాకిపోయింది. రాతి మీద అది ఉండదు కానీ, దారుల పక్కన, వాహనాలు నిలిపే చోట్ల ఉంటుంది. అందుకే సైకిలును కారు దగ్గర నుంచి ఎత్తుకుని తీసుకువెళ్ళడం మంచిది. ట్యూబ్‌లెస్ టైర్లలోని సీలెంట్ ద్రవం పల్లేరు ముల్లు చేసిన చిల్లును తనంతట తానే మూసేస్తుంది. కాకపోతే ఎడారి పొడిగాలికి అది తొందరగా ఎండిపోతుంది కాబట్టి, బయలుదేరే ముందు కొత్తది పోయించండి. నాగజెముడు మాత్రం బాట పక్కనే, రాతి పగుళ్ళలో కూడా పెరుగుతుంది. పడితే దాని మీద పడకుండా చూసుకోవాలి. సన్నని ముళ్ళు తీయడానికి ఒక చిన్న పట్టకారు వెంట ఉండాలి.

మూడో సమాధానం

మీరు ప్రాక్టీస్ చుట్టు గురించి అడిగారు. దాని గురించి స్పష్టంగా చెప్పవలసిన అవసరం ఉంది, ఎందుకంటే ఆ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రాక్టీస్ చుట్టు రెండు మైళ్ళకు కొంచెం పైన ఉంటుంది. అది పెద్ద చుట్టు కంటే పొట్టిది, అంతే. సులువైనది కాదు. అదే రాయి, అవే నిటారు ఎక్కుళ్ళు, అవే దిగుళ్ళు. పొద్దున అది పూర్తి చేసి వెంటనే పెద్ద చుట్టుకు వెళ్ళాలన్న మీ ఆలోచన వల్ల, అసలు పని మొదలయ్యేసరికే కాళ్ళు అలసిపోతాయి. మీరు ముందురోజు సాయంత్రానికే మోయాబ్ చేరుకోగలిగితే, ఆ సాయంత్రమే ప్రాక్టీస్ చుట్టు తిరగండి. అందులో మీరిద్దరూ ఎన్నిసార్లు దిగి నడిచారో నిజాయితీగా లెక్కపెట్టుకోండి. సగానికి పైగా ఎక్కుళ్ళు నడవవలసి వస్తే, మరునాడు పెద్ద చుట్టు పూర్తి చేయగలరు కానీ ఆనందించలేరు. అప్పుడు ప్రాక్టీస్ చుట్టునే మళ్ళీ ఒకసారి, ఈసారి ఎదురు దిశలో తిరగడం నా దృష్టిలో మేలైన రోజు అవుతుంది.

నీళ్ళు. ఆ ప్రాంతం పేరు శాండ్ ఫ్లాట్స్, అక్కడి కౌంటీ యంత్రాంగమూ కేంద్ర భూ నిర్వహణ శాఖా కలిసి చూసుకుంటాయి. ప్రవేశ రుసుము ఉంటుంది, కానీ లోపల ఎక్కడా తాగునీరు దొరకదు. ఊళ్ళోనే నింపుకుని వెళ్ళాలి. మనిషికి మూడు లీటర్లు వీపు సంచిలో, ఇంకో రెండు లీటర్లు కారులో ఉంచమని నా సలహా. అక్టోబరులో పగటి వేడి సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూ ఉంటుంది కాబట్టి, వేసవిలో 38 డిగ్రీలు దాటినప్పుడు వచ్చే ముప్పు మీకు ఉండకపోవచ్చు. అయితే ఎడారి గాలి పొడిగా ఉండడంవల్ల చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. తేమ గాలిలో తొక్కే అలవాటున్నవారు తడిసిన చొక్కాను చూసి నీళ్ళు తాగుతారు. అక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీరు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. అందుకని దాహం కోసం ఎదురుచూడకుండా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాలి. ఒట్టి నీళ్ళే ఎక్కువగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి, కాబట్టి ఉప్పు, చక్కెర కలిసిన పొడి ప్యాకెట్లు వెంట ఉంచుకోండి.

మరో మాట. బాట ఆకారం పూర్తి గుండ్రం కాదు. మొదట ఒకే దారిన కొంత దూరం వెళ్తారు, ఆ తరవాత చుట్టు మొదలవుతుంది, చుట్టు ముగిశాక మళ్ళీ ఆ దారినే వెనక్కి రావాలి. పొద్దున ఉత్సాహంగా దిగిన వాలులన్నీ తిరుగుదారిలో ఎక్కుళ్ళవుతాయి. అలసిన కాళ్ళకు ఆ చివరి భాగమే అన్నింటికంటే కష్టం.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇంత శ్రద్ధగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. మణికట్టు సంగతి చదివి చాలా బాధ కలిగింది. మీ అనుభవాన్ని మాతో పంచుకున్నందుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. మేము ప్రయాణాన్ని ఒక రోజు ముందుకు జరిపాము. సాయంత్రం ప్రాక్టీస్ చుట్టు, మరునాడు తెల్లవారగానే పెద్ద చుట్టు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. నా సైకిలుకు ముందు మాత్రమే సస్పెన్షన్ ఉంది. దానితోనే వెళ్ళవచ్చా, రెండు వైపులా సస్పెన్షన్ ఉన్నది అద్దెకు తీసుకోవాలా? నేను పెడళ్ళకు బిగుసుకునే బూట్లు వాడతాను, అవి అక్కడ క్షేమమేనా? అన్నింటికంటే నన్ను కలవరపెడుతున్నది తమ్ముడి సంగతి. వాడు నా కంటే ముందు వెళ్ళిపోయి, వద్దన్నా ప్రతి వాలూ దిగి చూపించాలనుకునే వయసులో ఉన్నాడు. పెదనాన్నగారు వాణ్ణి నా మీద నమ్మకంతోనే పంపుతున్నారు.

మొదటి సమాధానం రాసినవారి నుంచి

ప్రాక్టీస్ చుట్టు విషయంలో పైవారు చెప్పినదే సరైనది. ముందురోజు సాయంత్రమన్న ఆలోచన నాకు తట్టలేదు, ఇకపై నేనూ అదే చెబుతాను.

ముందు సస్పెన్షన్ మాత్రమే ఉన్న సైకిలుతో ఆ బాట నిక్షేపంగా పూర్తి చేయవచ్చు. ఎక్కుళ్ళలో అది తేలికగా కూడా ఉంటుంది. కానీ మూడో గంటలో నడుమూ మణికట్లూ మొరాయిస్తాయి, అప్పుడే పొరపాట్లు జరుగుతాయి. మొదటిసారి కాబట్టి రెండు వైపులా ఉన్నదే అద్దెకు తీసుకోండి. సీటును హ్యాండిల్ మీది మీటతో కిందికీ పైకీ జరిపే డ్రాపర్ పోస్ట్ ఉందో లేదో తప్పక చూడండి. ప్రతి రెండు నిమిషాలకూ ఎక్కడం, దిగడం ఉన్న బాట మీద దాని విలువ సస్పెన్షన్ కంటే తక్కువేమీ కాదు. అద్దె దుకాణంలోనే మీ బరువుకు తగినట్టు సస్పెన్షన్ సరిచేయమని అడగండి. మీరు కూర్చున్నప్పుడు దాని మొత్తం కదలికలో పావు వంతు నుంచి 30 శాతం దాకా కుంగాలి. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు బిగించే హ్యాంగర్ అన్న చిన్న లోహపు ముక్క, రాతికి తగిలితే వంగిపోతుంది. ఒక్కో సైకిలుకు ఒక్కో రకం కాబట్టి, ఆ సైకిలుకు సరిపోయేది ఒకటి అడిగి తీసుకోండి.

బూట్ల విషయంలో నా సలహా, ఈ ఒక్కరోజుకు మామూలు చదును పెడళ్ళు వాడమని. వాలు మధ్యలో ఆగినప్పుడు కాలు వెంటనే విడిపడాలి. పైగా మీరు చాలా దూరం నడవవలసి ఉంటుంది, బూటు అడుగున ఉన్న లోహపు బిళ్ళ రాతి మీద గుర్రపు నాడాలాగే జారుతుంది.

నాలుగో సమాధానం

నేను సైకిల్‌దారును కాదు, ఆ పరిసరాల్లో నడుస్తాను. నేల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. రాళ్ళ మధ్య ఉన్న ఇసుక నేల మీద కొన్ని చోట్ల నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బుడిపెలతో పొక్కులా కనిపించే పొర ఉంటుంది. అది చచ్చిన మట్టి కాదు. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, లైకెన్లు (శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవులు), నాచు కలిసి ఇసుక రేణువులను దారాలతో కుట్టినట్టు పట్టి ఉంచే సజీవమైన పొర అది. గాలికీ వానకీ నేల కొట్టుకుపోకుండా ఆపేదీ, మొక్కలకు నత్రజని అందించేదీ అదే. ఒక్క చక్రం దాని మీదుగా వెళ్తే ఆ పొర నలిగి విరిగిపోతుంది, తిరిగి కూడుకోవడానికి పదుల సంవత్సరాలు పడుతుంది. బాట వదిలి దగ్గరి దారి వెతకకండి. ఆగవలసి వస్తే రాతి మీదే ఆగండి.

అలాగే వాన కురిసిన తరవాత రాతి గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. వాటిలో చిన్న చిన్న రొయ్య జాతి జీవులు కొద్ది వారాల్లోనే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి చనిపోతాయి. గుంట ఎండిపోయినా ఆ గుడ్లు అడుగునున్న మట్టిలో ఏళ్ళ తరబడి ప్రాణం నిలుపుకుని, మళ్ళీ వాన కోసం ఎదురుచూస్తాయి. కాబట్టి నీళ్ళున్న గుంటల్లోంచి గానీ, అడుగున మట్టి పేరుకున్న ఎండు గుంటల్లోంచి గానీ సైకిలు పోనివ్వకండి, చెమట ముఖమూ సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులూ వాటిలో కడగకండి. నేను ఒకసారి అటువంటి గుంట పక్కన గంటసేపు బోర్లా పడుకుని చూశాను. అంత పెద్ద రాతి ఎడారిలో అరచేతి లోతు నీళ్ళలో అంత సందడి జరుగుతుందని ఎవరైనా చెప్తే నేను నమ్మేదాన్ని కాదు.

రెండో సమాధానం రాసినవారి నుంచి

తమ్ముడి గురించి మీరు అడిగినదానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. నేను పడినరోజు మా వారు నాకంటే ముందు, రెండు గుట్టల అవతల ఉన్నారు. నేను పడిన సంగతి ఆయనకు పావుగంట తరవాత తెలిసింది. అక్కడ ఫోను సిగ్నలు ఒకచోట వస్తే ఒకచోట రాదు. ఆ తరవాత మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాము, మీకూ అది పనికివస్తుందనుకుంటాను. ముందు వెళ్ళేవారు ప్రతి గుట్ట మీదా ఆగి, వెనకవారు కనబడే దాకా కదలకూడదు. ఏ వాలైనా ఇద్దరిలో ఒకరు నడుద్దామంటే ఇద్దరూ నడవాలి, ఆ మాట మీద వాదన ఉండకూడదు. మొదటి నీళ్ళ సంచి సగం అయినప్పుడు, లేదా గడియారం పదకొండు కొట్టినప్పుడు, ఏది ముందైతే అది, ఎక్కడున్నామో చూసుకుని ముందుకా వెనక్కా అన్నది అక్కడే నిర్ణయించుకోవాలి.

ఈ మూడింటినీ బాట మీద నిలబడి చెప్తే కుర్రవాడికి అది మందలింపులా వినిపిస్తుంది. కారులో వెళ్ళేటప్పుడే మాట్లాడుకోండి, పదకొండు గంటలన్న వేళను మాత్రం అతన్నే నిర్ణయించనివ్వండి. ప్రాక్టీస్ చుట్టులో అతన్ని మీ వెనక కాకుండా ముందే ఉంచి, ప్రతి గుట్ట మీదా ఆగి మిమ్మల్ని చూసే పనిని అతనికే అప్పగించండి. మా మేనల్లుడితో నేను అలాగే చేశాను. ఆ సాయంత్రం అతను దిగిన ప్రతి వాలు పైనా ముందు నిలబడి, అడుగున ఇసుక ఉందో లేదో చూసి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపాడు.